పిలకయ్య

బల్లారాట్‌లో జూలై చలి
గోడల్లోంచి కూడా వస్తుంది.
ఆ చలిలో, షెల్టర్ వెనకగదిలో,
హీటర్ పక్కన చుట్టచుట్టుకుని ఉన్నాడు వాడు.
నెత్తిమీద గుప్పెడు తెల్లజుట్టు,
పాదాలకు మేజోళ్లలా కాస్త బొచ్చు,
మిగతా ఒళ్లంతా
ఒలిచిన చామదుంప.

"రెండిళ్లవాళ్లు తిరిగిచ్చేశారు" అంది డెనీస్,
తాళంచెవులు వేలికి తిప్పుకుంటూ.
ఒకరికి చూడ్డానికి భయమేసిందట.
ఇంకొకరి సోఫా మీద నూనె మరకలు పడ్డాయట.
నిజానికి నేను వెళ్లింది
ముఖం దాచుకోవడానికి సరిపడా
బొచ్చున్న కుక్క కోసం.
ఆ ఏడాది నాకది అవసరం.

వాడు లేచొచ్చి
నా అరచేతిలో గడ్డం పెట్టాడు.
జ్వరమేమో అనుకున్నాను.
"కాదు, ఆ వేడి వాడి మామూలే" అంది డెనీస్.

ఇంటికొచ్చాక నా పాత స్వెట్టర్ చెయ్యి
కత్తిరించి తొడిగాను.
మోచేతి దగ్గర ముందే చిరిగింది లెండి,
అంత త్యాగమేం కాదు.
కుసుమాంబ పిన్ని వీడియోకాల్లో చూసి
"తిరుపతి ఎప్పుడెళ్లొచ్చాడే?" అంది.
కాగితాల్లో వాడి పేరు డ్యూక్.
ఆ పూటకే పిలకయ్య అయ్యాడు.

బొచ్చుకుక్కని నిమిరితే
మన చెయ్యి బొచ్చు దగ్గరే ఆగిపోతుంది.
వీణ్ణి నిమిరితే
నేరుగా వాడే తగుల్తాడు.
పక్కటెముకల లెక్క,
పొట్ట కింద నల్లటి పుట్టుమచ్చలు,
సిగరెట్టో పొయ్యో తెలియదు గానీ
తొడ మీద ఓ గుండ్రటి మచ్చ,
చెవి వెనక నీలం నరం కొట్టుకోవడం...
దాచుకోవడం తెలియనివాడి ఎదురుగా కూచుంటే
మొదట్లో నాకే సిగ్గేసేది.

ఆదివారం తలంటు. కాదు, ఒళ్లంటు.
గోరువెచ్చని నీళ్లు, మెత్తటి గుడ్డ,
ఆపైన నాలుగు చుక్కలు కొబ్బరినూనె.
ఎక్కువైతే మొటిమలొస్తాయని డాక్టరు హెచ్చరిక.
పదిహేనేళ్ల కుర్రాడి ముఖాన్ని
అయిదు కిలోల ఒంటినిండా పెంచుతున్నట్టుంటుంది.
పళ్లు సగం లేవు, పుట్టుకతోనే.
జుట్టివ్వని చెయ్యే
పళ్ల దగ్గరా పిసినారితనం చూపించింది.
నాలుక ఓ పక్కకి జారి
ఎప్పుడూ ఏదో జోకు మధ్యలో ఉన్నట్టుంటాడు.

డిసెంబరుకి అంతా తిరగబడింది.
స్వెట్టర్ పోయి సన్‌స్క్రీన్ వచ్చింది,
జింక్ లేనిది, నాకితే విషం కాబట్టి.
ఏనాడూ నాకు నేను రాసుకోనిది
వాడి వీపుకి రాసి
వేళ్లకి మిగిలింది నా మెడకి పూసుకుంటున్నాను.
తెల్లారి ఆరింటికే వెండూరీ చెరువు చుట్టూ నడక.
నల్లహంసలు వీణ్ణి చూసి
మెడలు నిటారుగా నిలబెడతాయి.

"దానికేమైనా జబ్బా?" అని అడుగుతారు.
మొదట్లో క్షమాపణ చెప్పేదాన్ని.
తర్వాత్తర్వాత జాతి, జన్యువులు, పెద్ద పాఠం.
ఇప్పుడు "లేదు, ఆకలి" అంటాను.
ఓ చిన్నపిల్ల మాత్రం ఏమీ అడగలేదు.
ఒక్క వేలితో వీపు తాకి
"బ్రెడ్‌లా ఉన్నాడు" అంది వాళ్లమ్మతో,
"ఇప్పుడే అవెన్లోంచి తీసింది."

నిన్న రాత్రి ఉరుములు.
రేకుల కప్పు మీద వడగళ్లు.
దుప్పట్లో దూరి
నా పొట్టకి వీపానించి ముడుచుకున్నాడు.
చెయ్యి వేస్తే
ఒళ్లంతా ఆవాలు చల్లినట్టు గరుకు.
రోమం లేనివాడికి రోమాంచం!
ఆ మాట పుట్టించినవాళ్లు
వీణ్ణి చూసుండరు.
నవ్వొచ్చింది. చాలా రోజులైంది
చీకట్లో ఒక్కదాన్నే నవ్వి.
ఒక్కదాన్నే అనకూడదేమో.

పొద్దున చూస్తే
దిండు మీద నూనె మరక.
ఉతకాలి.
రేపు.