సగం నొక్కు

విశాఖ నుంచి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపిన పెట్టె.
సీలు చింపి ముందు వాసన చూశాను,
కొత్త చెప్పుల దుకాణం వాసన.
సోమవారం లోగా నలభై మంది వడికేవాళ్ల ముఖాలు
గుర్తింపు కార్డుల మీదికి ఎక్కాలని
సెక్రటరీ గున్నయ్యగారి హుకుం.
పొందూరు ఖాదీ సంఘంలో
మెడకి కెమెరా తగిలించుకుని తిరిగిన మొదటి గుమస్తాని నేనే.

నొక్కాను. పలకలేదు.

బ్యాటరీ రాత్రంతా కరెంటు తాగింది,
కోత పెట్టిన రెండు గంటలూ మినహా.
కంటి మూత తీశాను,
నమ్మకం చాలక మళ్లీ పెట్టి మళ్లీ తీశాను.
పుస్తకం విప్పితే పదకొండు భాషలు,
వాటిలో మనది లేదు.
ఒకటో తరగతి పిల్లాడిలా బొమ్మలు చదివాను:
కెమెరా మీద వాన, వాన మీద కొట్టివేత.
కెమెరా ఎదుట సూర్యుడు, సూర్యుడికీ కొట్టివేత.
చెయ్యకూడనివన్నీ ఉన్నాయి.

రాజాం స్టూడియో సన్నిబాబుకి ఫోన్ చేస్తే
పెళ్లి బ్యాండు మధ్యలోంచి అరిచాడు:
"కార్డు పక్కన సిన్న మీటుంటాది,
గోరుతో పైకి తొయ్యరా!"
తోశాను.
చీమ తలకాయంత మీట.
దాని మూలంగానా
పొద్దున్నుంచి నాకు టీ కూడా దిగలేదు!

అయినా పలకలేదు.
ఏకు మేకైంది.

సగం నొక్కితే లోపలేదో గుర్రుమంటుంది,
ముందుకెళ్లి, వెనక్కొచ్చి,
చీకట్లో గొళ్లెం వెతుక్కునే మనిషిలా
తడిమి తడిమి ఆగిపోతుంది.
పూర్తిగా నొక్కితే
నా వేలే లేనట్టు ఊరుకుంటుంది.

ఎదురుగా తవిటమ్మ.
వెనక సున్నం గోడ, ఒంటి మీద తెల్ల చీర,
ఒడి నిండా దూది, వంచిన తల మీద జుట్టు సరేసరి.
వాలుగ చేప దవడ ఎముకతో
పత్తిని దువ్వుతోంది, చంటిపిల్ల తల దువ్వినట్టు.
అంత తెలుపులో
కెమెరా కన్ను ఆనడానికి ఓ గీతైనా లేదు.
నాకప్పుడు తెలీదు ఆ సంగతి.

"ఏటి బాబూ, పొద్దుటేల నుంచి సూస్తన్నాను,
అలిగిందేటి?"
"పట్టు దొరకట్లేదప్పా దీనికి."
"కొస దొరక్కపోతే నూలొస్తాదేటి మరి."
నాతో అన్న మాట కాదది.
పక్కనున్న రాట్నం మీద పోగు తెగింది,
దాంతో అంది.

అతకడానికి చెయ్యి చాపింది.
ముంజేతి మీద పచ్చబొట్టు తేలు,
కొండి ఎత్తి, నా ఎదురుగా, తెలుపుకి అడ్డంగా.
కీచ్ మంది.
ఆకుపచ్చ చదరం వెలిగింది.
నేను ఊపిరి బిగబట్టి మిగతా సగం నొక్కాను.
వక్క కొరికిన చప్పుడు.

ఫోటోలో తేలు ప్రతి చుక్కా లెక్కపెట్టొచ్చు.
దాని వెనక తవిటమ్మ ముఖం
పుష్యమాసంలో నాగావళి మీది పొగమంచు.
గున్నయ్యగారు కళ్లజోడు ఎత్తి చూసి
"తేలుకి ఇస్తామా కార్డు?" అన్నారు.

ఆవిడకీ చూపించాను.
చిటికెన వేలంత తెరని దూరంగా పట్టుకుని
నవ్వలేదు, సిగ్గుపడలేదు.
"ఇది నానే. సాలదేటి?
ఈ తేలు ఊళ్లో ఇంకెవులికీ నేదు."

మధ్యాహ్నం గోడకి నల్ల దుప్పటి కట్టించాను.
ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు,
ఒక్కొక్కరికే చదరం వెలిగింది.
ముప్పై ఆరో మనిషి దగ్గర బ్యాటరీ పోయింది, అది వేరే కథ.
చెరిపెయ్యమన్న తేలుని మాత్రం
ఇప్పటిదాకా చెరపలేదు.

తవిటమ్మ రెండోసారి దుప్పటి ముందు కూర్చుని,
లేస్తూ, చీర మీది దూది దులుపుకుంటూ అంది:
"ఈపాటికి ఇంకో సిలప దిగును నాకు.
ఆ కూలి ఎవులిస్తారు, నువ్వా, నీ డబ్బానా?"