పద్నాలుగు శాతం

పీణ్యా రెండో స్టేజీలో మా షెడ్డుకు బోర్డు లేదు.
నాలుగు ప్రెస్సులు, తొమ్మిది మందిమి.
పదో మనిషిని పెట్టుకోడు యజమాని,
పెట్టుకుంటే ఈఎస్‌ఐ కట్టాలని.

రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితేనే
ప్రెస్సు దిగాలి. అట్లా చేసి పంపినారు దాన్ని,
ఎక్కడో ఎవరో, నా చేతుల్ని తలుచుకున్న మనిషి.
మా షెడ్డులో ఒక బటన్‌కు టేపు చుట్టుంది,
పీసులు ఎక్కువొస్తాయని.

ఆ మంగళవారం కరెంటు పోయి వచ్చింది.
ఎడమ చెయ్యి లోపలుంది.

ఆటోలో తన జేబురుమాలే ఇచ్చినాడు యజమాని.
ఆస్పత్రిలో డబ్బూ కట్టినాడు.
సాయంత్రం ఒక కాగితం తెచ్చినాడు:
ఇంట్లో గ్రైండర్‌లో పడి తెగిందని.
“సహి హాకమ్మా, మిగతాది నేను చూసుకుంటా.”
మా ఇంట్లో గ్రైండర్ లేదు సార్, అన్నాను.
రోలుంది.

అప్పటికే, ఆయన ఆటోకు చిల్లర వెతుక్కునేలోపే,
షైనీ అనే కేరళ నర్సు “ఎట్లా?” అని అడిగి
నేనన్న ఒక్క మాట కేస్ షీట్‌లో రాసేసింది:
ప్రెస్.
ఆ మాట పట్టుకొనే యూనియన్ కట్టీమని సార్
నా ఫైలు మొదలుపెట్టినాడు.

లెక్క కూడా ఆయనే చెప్పినాడు,
టీ కొట్టు బల్ల మీద, బిస్కెట్ కవరు వెనక.
జీతం పదకొండు వేలు. అందులో నూటికి అరవై.
వయసుకొక అంకె ఉంటుంది, దాంతో హెచ్చవేయాలి.
ఏడాది పెరిగితే అంకె తగ్గుతుంది.
నాకు ముప్పై రెండు. ఆధార్‌లో ముప్పై అయిదు,
రాసుకున్నాయన కళ్ళకు అట్లా కనబడినానేమో.
ఆ మూడేళ్ళకు ఆరు వేల పైచిలుకు పోయింది.
నేనింకా బతకని ఏళ్ళు అవి.

తర్వాత వేలు.
ఐదు వేళ్ళూ సమానంగా ఉంటాయా అనేది మా అవ్వ.
ఎంత తేడానో ఆమెకు తెలీదు.
బొటనవేలు ముప్పై శాతం.
చూపుడు వేలు పద్నాలుగు, నడిమి వేలు పన్నెండు.
ఉంగరం వేలైనా చిటికెన వేలైనా ఏడే.
అదీ మొదలంటా పోతే. కణుపు మిగిలితే తగ్గుతుంది.
నీకు మొదలంటా పోయింది, అదొకటి మేలు,
అనేసి నాలుక కరుచుకున్నాడు సార్.

లక్షా ఎనభై రెండు వేల ఎనభై మూడు రూపాయల
నలభై నాలుగు పైసలు.
పైసలు ఏ గోటి కొసకో.

కమిషనర్ ముందు వాళ్ళ వకీలు
ఒక వాయిదాకు, ఈమె మా దగ్గర పనే చెయ్యలేదన్నాడు.
ఇంకో వాయిదాకు, ఆ టేపు ఈమే చుట్టుకుందన్నాడు.
నన్నడిగితే చెప్పినాను:
నేను చేరిన రోజుకే ఆ టేపు మాసిపోయుంది సార్.

మధ్యలో యజమాని లగ్గెరెలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి
కవరు చేతిలో పెట్టబోయినాడు.
ఆడమనిషికి చేతికిస్తే చెల్లదంట,
ఆఫీసులోనే జమ చెయ్యాలంట, ఆ చట్టంలో ఉందంట.
మా అత్త కవరు వైపే చూస్తా నిలబడింది.
బియ్యం డబ్బా ఆ పూట ఖాళీ.
వద్దన్నాను. గొంతు వణికింది, అబద్ధమెందుకు.

ఇప్పుడు అగరొత్తుల ప్యాకింగ్‌కు పోతున్నా.
వాయిదా ఉన్న రోజు కూలి రాదు.
రాత్రి పిండి రుబ్బేటప్పుడు
లేని వేలు పొత్రం పక్కన పిండి తోస్తుంది,
తోసి, తోసి, తిరిగి చూస్తే పిండి అక్కడే.

మొన్న ఓటుకు పోయినాను.
సిరా సీసా పట్టుకున్న పిల్లోడు నా ఎడమ చెయ్యి చూసి
పుల్ల గాల్లోనే ఆపినాడు.
పక్కనున్న మేడమ్‌ను అడిగినాడు, ఆమె పుస్తకం తిరగేసింది.
వెనక లైను గునుస్తా ఉంది.
చివరికి పక్క వేలికి పెట్టినాడు.

అది పన్నెండు.