సైకిలు ట్యూబు విలంబం

మా పర్లాకిమిడి కొమ్ముపని వీధిలో
ఆ రికార్డుకి పేరు లేదు.
అట్ట చెదలు తినేశాయి.
మధ్యనున్న గుండ్రటి కాగితం మీద మిగిలింది
సగం అంకె, ఒక టీ మరక.

నౌపడ నుంచి గుణుపురం పోయే చిన్నబండి గార్డు ఫెర్నాండెజ్
బదిలీ మీద వెళ్తూ
బాకీపడ్డ ఆరు దువ్వెనల కింద
ఘనశ్యామ్ మహారణా చేతిలో పెట్టిపోయాడు
దాన్నీ, దాన్ని తిప్పే పెట్టెనీ.

పెట్టెలో బెల్టు మొదటి వానాకాలానికే సాగింది.
నాకప్పుడు పదకొండేళ్ళు.
మా అన్న పాత సైకిలు ట్యూబుని
చిటికెనవేలు వెడల్పున కోసి తొడిగింది నేనే.
తిరిగింది.
కొంచెం ఆలోచించుకుంటూ తిరిగింది.

నలభై వయొలిన్లు
మహేంద్రతనయలో మోకాటి లోతు నీళ్ళకి
ఎదురు నడిచినట్టు వచ్చేవి.
నడుమ ఒకే ఒక్క బూర లేచేది.
మహారణా ఆకురాయి ఆపేవాడు.
"అదీ కొమ్మేరా" అనేవాడు,
చేతిలో సగం కొంగైన దున్నకొమ్ము చూపించి.
"మొదట అందరూ దీన్నే ఊదారు.
ఇత్తడికి తరవాత డబ్బులొచ్చాయి."

పార్వతీశం మాస్టారు హార్మణీ మోసుకొచ్చి
మెట్టు మీద మెట్టు నొక్కి చూశారు.
ఒకటో శ్రుతి, అన్నారు.
గాంధారం చిన్నది, అన్నారు.
కళ్ళజోడు తీసి తుడుచుకుని
ఇది చావుకి కట్టిన సంగీతం, అని తేల్చేశారు.
మేం నమ్మాం.
వీధిలో ఎవరు పోయినా
ఆ రాత్రి ఆ పెట్టె అరుగు మీదకి వచ్చేది.
మా అమ్మకి కూడా వచ్చింది.

మొన్న గ్యాసు కంపెనీకి ఫోను చేశాను.
కాసేపు ఆగమంది గొంతు.
ఆ వెనకాలే,
అదే.
రెండో శ్రుతిలో.

నలభై వయొలిన్లూ కొత్త చెప్పులేసుకుని
టకటకా మెట్లు దిగుతున్నాయి.
బూర ఎవరినో ఆటపట్టిస్తోంది.
గాంధారం అదే, ఆ చిన్నదే,
కానీ దానికి ఏడవడానికి తీరిక లేదు,
ఎక్కడో విందుకి పిలిచారు దాన్ని.

"నమస్కార్" అంది అమ్మాయి.
పెట్టేశాను.
మళ్ళీ చేశాను.
ఏడుసార్లు ఆమె వచ్చింది, ఏడుసార్లూ పెట్టేశాను.
సిలిండరు ఇంకా రాలేదు.

ఎనిమిదోసారి స్పీకరు పెట్టి
మహారణా మంచి చెవి దగ్గర పట్టుకున్నాను.
"ఎ కొణొ రే?
బండి తప్పిపోతాదని పరిగెడతన్నారేటి వీళ్ళు?
కాస్త నిదానం చెయ్యి."

రికార్డు చేసుకుని ముప్పావు వేగానికి దించాను.
నడక తగ్గింది. శ్రుతి తగ్గలేదు.
ఫోను అంతే,
కాళ్ళు ఈడుస్తుంది గానీ గొంతు దించదు.
మనిషికైతే రెండూ కలిసే కుంగుతాయి.
ముసలాయన తల అడ్డంగా ఊపాడు.

అసలుది చూద్దామంటే
పోయిన తుఫానుకి పైరేకు ఎగిరి
మర్నాటి ఎండకి అప్పడంలా వంగిపోయింది.
మాస్టారూ లేరు, తప్పు చెప్పారని దెప్పడానికి.
తప్పంటే మాత్రం ఏది?
అమ్మని పడుకోబెట్టిన రాత్రి
నేను విన్నది ఎవరి దుఃఖం,
రాసినవాడిదా,
నేను కోసిన రబ్బరుదా?

సాయంత్రం ఏడయ్యేసరికి
వీధి వీధంతా లైట్లు వేస్తారు.
కరెంటు జారుతుంది.
మెరుగు పట్టే మోటారు
రెండులోంచి ఒకటిన్నరకి,
అక్కడ కాసేపు తడబడి
ఇంకా కిందకి.
మహారణా కొమ్ముని చక్రం మీంచి ఎత్తకుండా
ముఖం నా వైపు తిప్పుతాడు,
కనుబొమల మీద తెల్లటి పొడి.

"ఉండరా" అంటాడు,
"ఇంకొంచెం దిగాలి."