అప్పు రాయి

ఎలుగుబంట్లకి వినపడాలని
సంచికి గంట కట్టుకుని ముందు నడుస్తోంది ఇసోనో.
ఎనభై దాటిన మోకాళ్లు, రబ్బరు బూట్లు,
మధ్యమధ్య ఓ తిట్టు, కొండకో మోకాలికో.

దేవదారు చీకట్లో దారెక్కడుందో
ఆమె కొడవలికే తెలుసు.
"కోట ఇంకెంత దూరం?"
"ద్వారం ఎప్పుడో దాటాం.
నువ్వు చెమట తుడుచుకున్నావే, అక్కడ."

పైన కోట లేదు.
నాచు పట్టిన మూడు వరసల గోడ,
అడవిపంది తవ్విన గుంట,
కింద లోయలో, వరిమళ్ల నీళ్లలో
తలకిందులుగా పోతున్న రెండు పెట్టెల రైలు.

ఏలినవాడి పేరడిగాను. తెలీదంది.
తగలబెట్టిందెవరు? అదీ తెలీదు.
సంచి విప్పి
రెండు చేతులా ఒక రాయి పైకి తీసింది.
ఉప్పు చారికలు. ముల్లంగి వాసన.

"మా అత్తకి అత్త పట్టుకుపోయింది ఇక్కణ్ణుంచే,
ఊరగాయ పీపా మీద బరువుకి.
పోయిన చలికాలం ఊరెయ్యలేదు.
పళ్లూడాయి, ఇంక ముల్లంగెందుకు?"

గోడలో ఒక సందు వెతికి నెట్టింది.
పట్టలేదు.
తిప్పి నెట్టింది,
అరచేత్తో రెండు దెబ్బలు వేసింది, మొండి దూడని వేసినట్టు.
పట్టింది.

దిగుతూ, వెనక్కి తిరక్కుండానే అడిగింది:
"నీ సంచిలో ఏముంది,
అలా ఆయాసపడుతున్నావు?"