ఆముదాల యేడు

బాదేపల్లి గంజు. ఫసలీ పదమూడొందల నలభై.
ఊశన్న బండి మీద ఏడు బస్తాల ఆముదాలు,
రాత్రంతా నడిచిన ఎడ్ల నోట్లె నురుగు.

సేటు గుప్పెడు తీసి గోరుతోటి ఒక గింజ చిదిమిండు.
గింజ మంచిదే.
"పోయినేటి ధర మర్చిపో" అన్నడు,
"అమెరికాల బజారు కూలిందట."

ఊశన్నకు తెలిసిన కూలుడు
ముసురుకు నానిన మట్టిగోడది,
దూలం కింద మేకపిల్లది.
"ఎవలన్న సచ్చిండ్రా?" అనడిగిండు.
సేటు నవ్వలే.
"కాయితాలు" అన్నడు. "కాయితాలు కూలినయ్."

కాంటా అటూ ఇటూ ఊగి నిలబడ్డది.
దానికి సముద్రం తెల్వదు,
ఎప్పటి బరువే చూపెట్టింది.

ఉప్పు, ఎడ్లకు తవుడు, పటేలుకు సగం శిస్తు.
దొర నాగు కింద చెలక పోయింది,
దాని ఎనక చిన్నెద్దు.

అమ్మబుద్ధిగాక రెండు బస్తాలు మర్లేసుకొచ్చిండట.
పెంటమ్మ చెప్తది, ఊశన్న బిడ్డ,
తెల్లజుట్టు ముడేసుకుంట:
"అమ్ముడువోనిదంత గానుగాడించి రుద్దుకున్నం.
ఆ కరువుల
మా నెత్తులు ఎంత మెరిసినయనుకున్నవ్!"