బల్లగుడ్డ

గురువారం సాయంత్రం ఆరున్నరకి
నాటింగ్‌హామ్, హైసన్ గ్రీన్‌లో ఓ చర్చి వెనకగది.
హీటరు కీళ్ళనొప్పుల ముసలాయనలా మూలుగుతుంటుంది.
డోరీన్ తలుపు తీసి "రా, బాతూ" అంటుంది.
ఈ ఊళ్ళో ప్రేమకి అదే పిలుపు.
మొదటిసారి నాకు రోషం వచ్చింది.
ఇప్పుడెవరైనా పేరుపెట్టి పిలిస్తేనే
ఏం తప్పు చేశానా అని గుండె జారుతుంది.

డోరీన్‌కి ఎనభై ఒకటి.
లేసుమిల్లులో ముప్పై ఏళ్ళు తెగిన పోగులు అతికింది.
మిల్లు ఇప్పుడు ఫ్లాట్లు.
అందులో మూడో అంతస్తు పెద్దాయనకి
పొద్దున్నే స్నానం చేయించేది నేను.
ఆ ఇంటి నుంచి ఇంకో ఇంటికి
బస్సులో, వానలో, పరుగులో పోయిన టైముకి
కంపెనీ జీతం ఇవ్వదు.
"దారిలో నువ్వు పని చెయ్యట్లేదు కదా" అన్నాడు మేనేజరు.
నిజమే.
దారిలో నేను
తడిసిన బూట్లతో విహారం చేస్తున్నాను.

అందుకే అల్లుతున్నాం.
ఇవ్వని గంటకో పువ్వు,
పావుగంటకో రేకు.
రూడోది పసుపుదారం, జెస్సమ్మది నీలం,
నాది తెలుపు, నర్సాపురం కొక్కెంతో.

మా అమ్మమ్మ బుడ్డిదీపం ముందు అల్లిన లేసు
ఓడెక్కి ఈ దేశపు బల్లల మీదికే వచ్చేదట.
డజనుకింతని ఇచ్చేవాడు ఏజెంటు.
గంటకింతని అడగొచ్చని ఆవిడకి తోచలేదు.
"ఖాళీగా కూచునే ఆడాళ్ళే కదా" అనేవారు.
ఖాళీ!
ఆవిడ చూపుడువేలి మీద గాడి పడింది,
నూతి ఒర మీద చేంతాడు రాసిన చోట పడినట్టు.

వెర్లీన్ అల్లదు. చేతులు పడుతుంది.
కొబ్బరినూనె వెచ్చజేసి
ఒక్కో వేలూ బిగువు వదిలేదాకా.
"ఏం కష్టం?" అని అడగదు.
"చివరిసారి ఎప్పుడు నిద్రపోయావ్?" అంటుంది.
అంతే,
వీసాకి కట్టిన పన్నెండు లక్షలూ,
ఆ వీసా పేరెత్తి వాళ్ళు నా నోరు నొక్కిన సంగతీ
బొటనవేలు దగ్గరికొచ్చేసరికి బయటపడ్డాయి.
ఇక్కడ రూలు ఒక్కటే:
ఏడవొచ్చు, సారీ చెప్పకూడదు.

ఇఫెయోమా మా బస్సు టిక్కెట్లన్నీ
తేదీలవారీ దండ గుచ్చుతుంది.
చట్టమూ అల్లికేనట,
వాళ్ళు ఎక్కడ ముడి తప్పారో వెతకాలట.

మార్చిలో ట్రిబ్యునల్ మెట్లెక్కాం,
ఇరవై రెండు గజాలు భుజాన మోసుకుని,
పెళ్ళికి పందిరి తెచ్చినట్టు.
గార్డు ఆపాడు, "బేనర్లు కుదరవు."
"బేనరేంటి బాతూ, బల్లగుడ్డ" అంది డోరీన్,
"భోజనానికొచ్చాం."
వాడు గుడ్డని చూశాడు, మా చేతుల్ని చూశాడు.
తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

గెలిచారా అంటే ఏం చెప్పను.
జెస్సమ్మకి పద్నాలుగు నెలల డబ్బొచ్చింది.
రూడోది వాయిదా.
నా కంపెనీ మూతబడి, పేరు మార్చుకుని
పక్కవీధిలో మళ్ళీ పుట్టింది.
కాకపోతే ఆ రోజు జడ్జి కళ్ళజోడు తీసి
ఒక పువ్వు మీద వేలుపెట్టి
"ఇదెంత?" అంది.
"అరవై నిమిషాలండి" అన్నాను.
రాసుకుంది.
మా వంశంలో ఒక అల్లిక
గంటల్లో నమోదవడం అదే మొదలు.

గుడ్డ ఇంకా పెరుగుతూనే ఉంది.
పోయిన గురువారం, ఎవర్నీ అడక్కుండా,
అంచున అమ్మమ్మకో వరస మొదలెట్టాను.
ఎన్ని పువ్వులు వెయ్యాలో లెక్క తెలీదు.
డోరీన్ చూసింది. ఏమీ అనలేదు.
సంచీలోంచి ఇంకో దారపుండ తీసి
నా వైపు దొర్లించింది.