తగినంత

లింకన్‌షైర్ చదును పొలాల మధ్య
మెట్లెక్కి చేరే గాజుగది, థార్ప్ గేట్ సిగ్నల్ క్యాబిన్.
ముప్ఫై లీవర్లు, ఒక కెటిల్, ఒక మనిషి.
మూల స్టూలు మీద నేను,
ఒళ్ళో అట్ట, మెడలో స్టాప్‌వాచీ.

పనిని పోగుపోగుగా విప్పడం నా పని.
ఒకటి: బండిని పంపు.
ఒకటి పాయింట్ ఒకటి: గంట విను.
ఒకటి పాయింట్ రెండు: గేట్లు మూయి.
ఒకటి పాయింట్ మూడు: పదిహేడో లీవరు లాగు.
ఇంకా విప్పితే వేళ్ళు, ఇంకా విప్పితే చూపు.
ఎక్కడ ఆపాలో పాఠంలో చెప్పారు గానీ
వింటూ నిద్రపోయినట్టున్నాను.

ఆల్విన్ థ్రెల్ఫాల్‌కి అరవై ఒకటి.
గుడ్డముక్క లేకుండా లీవరు ముట్టడు,
చెమట తగిలితే ఉక్కు తుప్పు పడుతుందట.
రూల్‌బుక్కులో గుడ్డ లేదు. చేర్చాను.
నా పట్టీలోకి తొంగిచూసి నవ్వాడు:
"ఊపిరి కూడా పీలుస్తానమ్మాయ్, రాసుకో."

మూడోరోజు ఎండ. ఆ దేశానికి అది ఎండే.
పదిహేడు లాగాడు.
గూటిలో ముల్లు సరేనంది.
ఆల్విన్ అనలేదు.
లీవరు వెనక్కి తోసేసి, ఫోనెత్తి,
తీగ చూడ్డానికి మనిషిని పంపమన్నాడు.
అవతల బండి కూతలు పెడుతూనే ఉంది, తొమ్మిది నిమిషాలు.

కప్పీ దగ్గర తీగ సగం పోగులు తెగి ఉన్నాయట.

ఎలా తెలిసింది?
"తేలిగ్గా వచ్చింది."
ఎంత తేలిగ్గా?
కెటిల్ పెట్టడానికి లేచాడు.

మా పిన్ని నోట్‌బుక్కులో పులిహోర:
చింతపండు నిమ్మకాయంత,
ఉప్పు తగినంత.
నిమ్మకాయని కొలవగలను.
రెండోదాని కింద ఏ అంకె వేయను?

ఫారంలో ఒక గడి ఉంది: సమాచారం అందే చోటు.
ముల్లు, గంట, దీపం, ఈ మూడింటిలో ఒకటి.
"కుడి భుజం" అని రాశాను.

యార్క్ ఆఫీసులో బెరిల్ ఆక్స్‌టబీ
ఎర్రసిరాతో కొట్టేసి "ముల్లు" అని దిద్దింది.
వచ్చే ఏడు ఈ ముప్ఫై లీవర్లూ
ఆమె గదిలో ఒక తెరమీదికి వెళ్ళిపోతాయి.
మౌసు ఏ తీగనీ లాగదు.
మళ్ళీ రాశాను. మళ్ళీ కొట్టేసింది.
నాలుగోసారి, భుజమంటే ఏమిటని అడిగింది.

రైల్లో తీసుకెళ్ళాను.
రెండు బండ్ల మధ్య ఖాళీలో
ఆల్విన్ గుడ్డ మడతపెట్టి ఆమె చేతికిచ్చాడు.
పదిహేడు కదల్లేదు.
"ఎంత గట్టిగా లాగాలి?" అంది బెరిల్.
ఆల్విన్ నా వంక చూశాడు.
దానికి ఇంగ్లీషు మాట నా దగ్గర లేదు.
ఆమె కోటు విప్పి కుర్చీ మీద పడేసి
రెండో చెయ్యి కూడా వేసింది.